బాకీ వసూలుకు బయల్దేరిన పాట

పారిస్‌లో మారిస్ అని ఒక దర్జీ. కొట్టు చిన్నదే గానీ పనిమంతుడు. గిల్బర్ట్ అనే ప్రభువుల ఇంటి మనిషి ఒకడు అతని దగ్గర సూట్ల మీద సూట్లు కుట్టించుకుంటాడు, డబ్బు మాత్రం ఇవ్వడు. పెద్దింటి బేరం కదా అని మారిస్ తోటివాళ్ళకి కూడా అతన్ని సిఫార్సు చేశాడు. చొక్కాలు కుట్టేవాడు, టోపీలవాడు, బూట్లవాడు, అందరూ అరువిచ్చారు. తీరా చూస్తే ఆ పెద్దమనిషి ఎవరి బాకీ తీర్చే రకం కాదు. అందరి తరఫునా మారిస్ వసూలుకు బయల్దేరి, ఊరికి దూరంగా ఉన్న కోటకి వెళ్తాడు. అక్కడ బాకీ సంగతి పక్కకి పోయి రాకుమారితో ప్రేమలో పడతాడు.

1932 ఆగస్టులో పారమౌంట్ సంస్థ విడుదల చేసిన 'లవ్ మీ టునైట్' కథ ఇంతే. దర్శకుడు రూబెన్ మామూలియన్. పాటలు రాసింది లొరెంజ్ హార్ట్, బాణీలు కట్టింది రిచర్డ్ రాడ్జర్స్. దర్జీగా మారిస్ షెవాలియే, రాకుమారిగా జనెట్ మెక్‌డొనాల్డ్. కథ పారిస్‌ది, తీసింది హాలీవుడ్‌లో. మూలం లియోపోల్ మార్షాన్, పాల్ అర్మోన్ అనే ఇద్దరు ఫ్రెంచి రచయితల నాటకం. కథ ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకునే ప్రమాదం ఉంది. నేనూ మొదటిసారి అలాగే తీసుకున్నాను. పాత సంగీత హాస్యచిత్రం కదా, సరదాగా ఉంటుంది, చూసి మర్చిపోతాం అనుకుని కూర్చున్నాను. ఇరవై నిమిషాలు గడవకముందే మళ్ళీ వెనక్కి తిప్పుకుని చూడాల్సి వచ్చింది. సినిమాలో పాట ఎందుకుండాలి అనే ప్రశ్నకి ఇంత సూటైన జవాబు మరో చోట నాకు దొరకలేదు.

ఆ జవాబు ఏమిటో చెప్పాలంటే ఒక పాటను దగ్గర్నుంచి చూడాలి.

మారిస్ కొట్లో ఎమిల్ అనే కస్టమర్ కొత్త సూటు వేసుకుని అద్దం ముందు నిలబడ్డాడు. మూడు పలకల అద్దం, దర్జీ కొట్లో ఉండేలాంటిదే. మారిస్ తన కుట్టుపనిని మెచ్చుకుంటాడు, ఎమిల్ తన అందాన్ని మెచ్చుకుంటాడు. మాటకి మాట ప్రాసలో పడుతుంది. ఇది కవిత్వంలా ఉందే అని ఒకరంటే, అవును కదూ అని ఇంకొకరు. అలా మాట కాస్తా పాటవుతుంది. పాట ఎక్కడ మొదలైందో వేలుపెట్టి చూపించలేం. మన హరికథలో దాసుగారు మామూలుగా మాట్లాడుతూ మాట్లాడుతూ ఎప్పుడు రాగంలోకి వెళ్ళారో మనకి తెలియనట్టే ఉంటుంది. 'ఈజన్ట్ ఇట్ రొమాంటిక్' అనే ఆ పాటలో మారిస్ కలలు కనేది వెన్నెల గురించీ గులాబీల గురించీ కాదు. తనకొచ్చే పెళ్ళాం ఇల్లు తుడుస్తుందట, స్నానం చేస్తుంటే వీపు రుద్దుతుందట. కష్టజీవి ఊహించుకునే సుఖం అది. ఆడదానికి అందులో ఏం సుఖమో అతను ఆలోచించలేదు. ఆ సంగతి కూడా పాటలోనే తెలిసిపోతుంది.

తర్వాత జరిగేది చూడండి. ఎమిల్ ఆ బాణీ కూనిరాగం తీస్తూ వీధిలోకి వస్తాడు. టాక్సీ డ్రైవర్ చెవిన పడుతుంది, అతనూ అందుకుంటాడు. టాక్సీలో ఎక్కిన మనిషి సంగీతకారుడు. అతను స్వరాలు కాగితం మీద రాసుకుంటాడు. తర్వాత రైల్లో కూర్చుని వాటికి మాటలు కడుతుంటే అదే పెట్టెలో ఉన్న సైనికులు వింటారు. రైలు దిగి కవాతు చేసేటప్పుడు వాళ్ళ నోట అది కవాతు పాటైపోతుంది. దారి పక్కన విన్న ఒక జిప్సీ కుర్రాడు పరుగున గుడారాలకి పోయి వయొలిన్ మీద వాయిస్తాడు. ఆ వయొలిన్ నాదం రాత్రి గాలిలో తేలుతూ కోట మేడ మీద ఒంటరిగా నిలబడ్డ రాకుమారిని చేరుతుంది. ఆమె అదే బాణీని తన మాటలతో పాడుతుంది. ఆమె కలలో వీపు రుద్దే సంగతి లేదు, వీరుడైన రాజకుమారుడున్నాడు.

దర్జీ ఆమెని చూడలేదు. ఆమెకి దర్జీ అనేవాడు ఒకడున్నాడనే తెలియదు. కానీ ఇద్దరూ కలిసి ఒకే పాట పాడేశారు. పరిచయం కాకముందే యుగళగీతం అయిపోయింది. పైగా ఆ పాట వాళ్ళిద్దరి మధ్య నేరుగా ఎగిరిపోలేదు. కస్టమరు, డ్రైవరు, సంగీతకారుడు, సైనికులు, జిప్సీలు, ఇంతమంది చేతులు మారింది. ప్రతి ఒక్కరూ తమ అవసరానికి తగ్గట్టు మాటలు మార్చుకున్నారు, బాణీ మాత్రం ఒక్కటే. ఊళ్ళో కబురు పాకే తీరు ఇది. ఒకళ్ళు చెప్తే ఒకళ్ళు వింటారు, విన్నవాళ్ళు కాస్త కలుపుతారు.

నేను చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. సినిమాలో పాట విలువ ఎవరు ఎంత బాగా పాడారన్నదాంట్లో లేదు. అది ఎవరి దగ్గర్నుంచి ఎవరి దగ్గరికి వెళ్ళింది, వెళ్ళాక ఏం మారింది అన్నదాంట్లో ఉంది. కోటకి బాకీ వసూలుకు దర్జీ కంటే ముందు బయల్దేరింది అతని పాట. చేరింది కూడా అదే ముందు.

ఇదంతా ఇవాళ మనకి మామూలుగా అనిపించవచ్చు. ఒక పాట పది లొకేషన్లలో తీయడం ఇప్పుడు వింతేమీ కాదు. 1932లో మాత్రం అది చిన్న సంగతి కాదు. అంతకు మూడేళ్ళ ముందు టాకీ తీయడమంటే కెమెరాకి కాళ్ళు కట్టేయడమే. కెమెరా చేసే చప్పుడు మైకులో పడకుండా దాన్ని గాలి చొరని గదిలాంటి పెట్టెలో పెట్టి మూసేవారు. నటులు మైకు ఎక్కడుంటే అక్కడే నిలబడి మాట్లాడాలి. మూకీల చివరి రోజుల్లో హాయిగా తిరిగిన కెమెరా, శబ్దం రాగానే స్తంభానికి కట్టేసిన ఆవులా అయిపోయింది.

మామూలియన్ ఈ పద్ధతికి లొంగలేదు. ఆయన పుట్టింది టిఫ్లిస్‌లో, ఇప్పటి జార్జియా రాజధాని. ఆర్మీనియన్ కుటుంబం. నాటకరంగం నుంచి వచ్చినవాడు. 1929లో తీసిన మొదటి సినిమా 'అప్లాజ్'లో ఒక దృశ్యం ఉంది. తల్లి కూతురికి జోలపాడుతుంటుంది, కూతురు అదే సమయంలో మెల్లగా ప్రార్థన చేసుకుంటూ ఉంటుంది. రెండూ వినపడాలి. ఒక్క మైకుతో అది కుదరదు. రెండు మైకులు పెట్టి, విడివిడిగా రికార్డు చేసి, తర్వాత కలుపుదామన్నాడు. కుదరదన్నారు సౌండ్ వాళ్ళు. పట్టుబట్టి చేయించాడు. ఇవాళ వందల ట్రాకులు కలిపే మిక్సింగు చూసేవాళ్ళకి అది చాలా చిన్న విషయంగా కనపడొచ్చు. కానీ శబ్దాన్ని కూడా బొమ్మలాగే కోసి, అతికి, పేర్చవచ్చనే ఆలోచన అలాంటి మొండితనాల నుంచే వచ్చింది.

'లవ్ మీ టునైట్' మొదలే ఆ మొండితనానికి అసలైన ఫలితం. పారిస్‌లో తెల్లవారుతుంది. గడియారం ఆరు కొడుతుంది. వీధి ఖాళీ. ఒక కూలీ వచ్చి పలుగుతో రాళ్ళ బాట తవ్వడం మొదలుపెడతాడు. ఠంగు, ఠంగు. ఎక్కడో ఒకడు గురకపెడుతుంటాడు. ఒకావిడ వాకిట్లో చీపురు పట్టి ఊడుస్తుంది. చంటిపిల్ల ఏడుపు. పొగగొట్టాల్లోంచి పొగ. ఇద్దరు చెప్పులు కుట్టేవాళ్ళు బయట కూర్చుని ఒకరి తర్వాత ఒకరు సుత్తి వేస్తారు. సాన పట్టే చక్రం, దుప్పట్ల దులుపుడు, బండ్ల హారన్లు. ఒక్కొక్క చప్పుడూ ముందున్న దాని లయలో వచ్చి కలుస్తుంది. ఏ వాద్యమూ లేకుండానే చూస్తుండగా ఊరంతా మేళమైపోతుంది. అప్పుడు మారిస్ తన గది కిటికీ మూసి, ఈ గోల భరించలేనన్నట్టు మాట్లాడి, ఆ లయలోనే పాట అందుకుంటాడు.

ఇది మామూలియన్‌కి కొత్త ఆలోచన కాదు. 1927లో న్యూయార్క్‌లో 'పోర్గీ' నాటకం వేసినప్పుడే, నల్లజాతివాళ్ళ పేట ఒకటి నిద్రలేచే చప్పుళ్ళతో ఇలాంటి మేళం చేశాడు. సినిమాలో దానికి మరో బలం దొరికింది. వేదిక మీద చప్పుళ్ళన్నీ ఒకేసారి దూరం నుంచి వినపడతాయి. సినిమాలో ప్రతి చప్పుడికీ ఒక మొహం, ఒక చెయ్యి దగ్గరగా కనపడుతుంది. మన దంపుళ్ళ పాటలు, నాట్ల పాటలు తెలిసినవాళ్ళకి ఇందులో వింత ఉండదు. రోకటి పోటులోనే తాళం ఉందని మన ఆడవాళ్ళకి ఎవరూ నేర్పలేదు. పని చేస్తుంటే లయ వస్తుంది, లయ వస్తే పాట వస్తుంది. మామూలియన్ కూడా పాటను రాజదర్బారులో కాకుండా పనిచేసేవాళ్ళ చేతుల్లో పుట్టించాడు. నాకు ఈ సినిమా మీద ప్రేమ కలగడానికి మొదటి కారణం అదే.

సినిమా వచ్చిన సమయం కూడా గుర్తుంచుకోవాలి. 1929లోనూ 1930 మొదట్లోనూ హాలీవుడ్ ఎడాపెడా పాటల సినిమాలు తీసింది. జనానికి మొహం మొత్తింది. 1930 చివరికి వచ్చేసరికి 'ఇది పాటల సినిమా కాదు' అని థియేటర్లు ప్రకటనలు ఇచ్చే పరిస్థితి వచ్చింది. తీసిన పాటల్ని కోసి పారేసి సినిమాలు విడుదల చేశారు. ఇర్వింగ్ బెర్లిన్ లాంటి పెద్ద స్వరకర్త 'రీచింగ్ ఫర్ ద మూన్' సినిమాకి చేసిన పాటల్లో చాలా వరకు కత్తెరకి పోయాయి. పాట కథలోంచి తీసేసినా సినిమాకి ఏమీ కాకపోతే, ఆ పాట అక్కడ ఎందుకున్నట్టు? ఆనాటి ప్రేక్షకుడు అడిగింది అదే. న్యాయమైన ప్రశ్న. అలాంటప్పుడు వచ్చిన 'లవ్ మీ టునైట్' లోంచి 'ఈజన్ట్ ఇట్ రొమాంటిక్' తీసేసి చూడండి. దర్జీకీ రాకుమారికీ మధ్య తీగ తెగిపోతుంది. రాడ్జర్స్, హార్ట్ ఇద్దరూ మాటల్నే ప్రాసలో, తాళంలో నడిపించి పాటలోకి దింపే పద్ధతిని ఇక్కడ వాడారు. అందుకని ఏది సంభాషణ, ఏది పాట అని గీత గీయడం కష్టం. గీత లేనప్పుడు కత్తెర ఎక్కడ వేస్తారు?

సరిగ్గా అదే ఏడాది, 1932 ఫిబ్రవరి 6న, మన మొదటి పూర్తి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' విడుదలైంది. హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వం, సురభి నాటకాల వాళ్ళ నటన. మన టాకీ పద్యనాటకం ఒళ్ళోంచి దిగి వచ్చింది కాబట్టి పాట ఎందుకు అనే ప్రశ్నే మనకి పుట్టలేదు. ఇది మన అదృష్టం అని నేను నమ్ముతాను. హాలీవుడ్ పాటను కొంతకాలం వెలేసింది, మళ్ళీ తెచ్చుకుంది, మళ్ళీ వదిలేసింది. మనం ఒక్క రోజు కూడా వదల్లేదు. కానీ ప్రశ్న పుట్టకపోవడం వల్ల ఒక నష్టం కూడా జరిగింది. పాట కథలో ఏం పని చేస్తోందని మనం గట్టిగా అడగడం మానేశాం. పాట రాగానే హాల్లో కొందరు లేచి బయటికి వెళ్తున్నారంటే తప్పు వాళ్ళది కాదు. ఆ నాలుగు నిమిషాల్లో కథలో ఏమీ జరగదని వాళ్ళకి అనుభవం మీద తెలుసు. తిరిగొచ్చాక పక్కవాణ్ణి ఏం జరిగిందని అడగనక్కర్లేదు కూడా. 'ఈజన్ట్ ఇట్ రొమాంటిక్' వస్తున్నప్పుడు బయటికి వెళ్ళినవాడు మాత్రం అడిగి తీరాలి.

ఇక కోట. అక్కడ అందరూ ఉన్నారు, ఎవరికీ పనిలేదు. ముసలి డ్యూకు, మంత్రగత్తెల్లా గుసగుసలాడే ముగ్గురు మేనత్తలు, రాకుమారిని పెళ్ళాడాలని తిరిగే ఒక నీరసపు కౌంటు, ఏ మగాడు దొరుకుతాడా అని చూసే వాలెంటైన్ అనే అమ్మాయి. రాకుమారి చిన్న వయసులోనే ఒక ముసలివాడికి భార్యై, విధవరాలైంది. ఆమె అంతస్తుకి తగిన వరుడు దొరకక మూర్ఛలు పోతుంటుంది. డాక్టరు వచ్చి చూసి, జబ్బేమీ లేదు, బతుకు వృథాగా పోతోంది అంతే అని తేలుస్తాడు. అంత పెద్ద ఇంట్లో చప్పుడనేదే లేదు. పారిస్ వీధిలో విన్న ఆ మేళం తర్వాత కోట చూపించగానే ఆ నిశ్శబ్దం చెవికి తగులుతుంది. శబ్దంతో కథ చెప్పడమంటే నిశ్శబ్దంతో కూడా చెప్పడమేనని మామూలియన్‌కి తెలుసు.

గిల్బర్ట్ భయపడిపోయి, బాకీ అడగడానికొచ్చిన దర్జీని బారన్ అని, అంటే బిరుదున్న ప్రభువని, ఇంట్లోవాళ్ళకి పరిచయం చేస్తాడు. డ్యూకుకి తన అప్పుల సంగతి తెలిస్తే చేతికి డబ్బు రాదు. అక్కణ్ణుంచి హాస్యం వరసగా నడుస్తుంది. వేటకి మారిస్‌కి ఒక గుర్రాన్ని ఇస్తారు. దాని పేరు సాలిట్యూడ్, అంటే ఏకాంతం. ఆ పేరెందుకంటే అది ఎప్పుడూ ఒంటరిగానే ఇంటికొస్తుంది. ఆ వేటలో మారిస్ లేడిని చంపకుండా ఒక గుడిసెలో దాచి మేపుతాడు. అది నిద్రపోతోంది, చప్పుడు చేయకుండా వెళ్ళండని వేటగాళ్ళని వేడుకుంటాడు. గుర్రాలు, కుక్కలు, వేటగాళ్ళు అందరూ స్లో మోషన్‌లో, మునివేళ్ళ మీద నడిచినట్టు వెనక్కి వెళ్ళిపోతారు. నవ్వు వస్తుంది, దానితోపాటు మనసు కూడా మెత్తబడుతుంది. స్లో మోషన్‌ని అంత దయగా వాడిన దృశ్యం నేను చాలా తక్కువ చూశాను.

నాకు బాగా నచ్చిన మలుపు మాత్రం దర్జీ దొరికిపోయే తీరు. రాకుమారి గుర్రపుస్వారీకి కుట్టించుకున్న దుస్తులు అతని కంటికి ఆనలేదు. ఎక్కడ వదులు, ఎక్కడ బిగువు, ఏది పాత మోస్తరు, అన్నీ చెప్పేస్తాడు. ఊరుకోలేడు. నేనైతే ఇంతకంటే బాగా కుడతానంటాడు. టేపు పట్టి కొలతలు తీసుకుంటుంటే ఇంట్లోవాళ్ళు వచ్చి చూసి గగ్గోలు పెడతారు. పట్టుదలగా కూర్చుని, కాసేపట్లోనే కుట్టి చూపిస్తాడు. దుస్తులు ఆమె ఒంటికి అతికినట్టు కుదురుతాయి. అంత బాగా కుదిరాక ఇక దాచేదేముంది? అబద్ధం ఆడటం చేతకాక అతను దొరకలేదు, పని బాగా చేసినందుకు దొరికాడు. ఒక చేతిపని మనిషిని సినిమా ఇంతకంటే గౌరవంగా చూడగలదని నేననుకోను.

అప్పుడు రెండో పాట బయల్దేరుతుంది. ఆ బారన్ ఒట్టి దర్జీవాడట అనే మాట డ్యూకు నోట మొదలై, మేనత్తల మీదుగా, గదులు దాటి, మెట్లు దిగి, సేవకులకీ, వంటవాడికీ, బట్టలుతికే ఆవిడకీ చేరుతుంది. ఒక్కొక్కరూ తమ చరణం పాడతారు. మొదటి పాట కట్టిన దారినే ఇది కూడా నడుస్తుంది, అయితే ఎదురు దిక్కులో. అక్కడ దర్జీ కొట్లో పుట్టిన ఆశ ఒక్కొక్కళ్ళ నోటా పైకి ఎక్కుతూ మేడ మీదికి చేరింది. ఇక్కడ మేడ మీద పుట్టిన అవమానం ఒక్కొక్కళ్ళ నోటా కిందికి దిగుతూ వంటింటికి చేరింది. రెండు పాటలకీ మధ్య దాదాపు సినిమా అంతా ఉంది, కాబట్టి మొదటిసారి చూసేవాళ్ళకి ఈ జోడింపు తట్టకపోవచ్చు. తట్టాక ఇక మర్చిపోలేరు.

అన్నిటికంటే కలుక్కుమనేది ఏమిటంటే, వంటింటివాళ్ళ కోపం డ్యూకు కోపానికి తీసిపోదు. మాలాంటివాడికేనా మేం ఇన్నాళ్ళూ వంగి దండాలు పెట్టింది, వాడికేనా వండిపెట్టింది, వాడి బట్టలేనా ఉతికింది అని వాళ్ళ బాధ. తమ సాటివాడు ఒక మెట్టు పైన కూర్చున్నాడని తెలిస్తే, పై మెట్టువాళ్ళ కంటే పక్క మెట్టువాళ్ళకే ఎక్కువ మంట. ఇది ఆ కోటలో మాత్రమే జరిగే సంగతి కాదని మన కులాల సమాజంలో పుట్టి పెరిగినవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. హాస్యచిత్రంలో, అందులోనూ పాటలో, ఈ నిజాన్ని ఇంత సూటిగా పెట్టడానికి ధైర్యం కావాలి. ఆ పాటకి ముందు నవ్వుతాం, తర్వాత ఎవరి మీద నవ్వామో ఆలోచించుకుంటాం.

1932 అమెరికాలో ఈ కథ చూసినవాళ్ళ పరిస్థితి కూడా కాస్త ఊహించుకోవాలి. ఆర్థిక మాంద్యం ముదిరిన ఏడాది అది. దాదాపు నలుగురిలో ఒకరికి పనిలేదు. పెద్దలు బాకీలు ఎగ్గొడితే చిన్నవాళ్ళ కొట్లు మూతపడటం వాళ్ళకి కథ కాదు, వీధి చివర జరుగుతున్న సంగతి. అయినా సినిమా ఏడవదు, ఉపన్యాసమివ్వదు. దర్జీ చేతిలో టేపు, నోట్లో పాట పెట్టి కోటలోకి పంపిస్తుంది. షెవాలియే కూడా కోటల్లో పుట్టినవాడు కాదు, పారిస్‌లోని మెనిల్మోంతా అనే కూలీల పేట వాడు. ఆ నడకలో, ఆ పక్కకి వంచిన టోపీలో ఆ పేట ఉంటుంది.

ఇంత మెచ్చుకున్నాక లోపాలు దాచడం సరికాదు. దారిలో బండి బోల్తాపడి కిందపడ్డ రాకుమారి వెంటపడి మారిస్ 'మీమీ' అనే పాట పాడతాడు. ఆమె పేరు మీమీ కాదు, ఆమెకి ఆ పాట అక్కర్లేదు, వద్దని చెప్తుంది కూడా. అయినా అతను ఆపడు. అమ్మాయి కాదంటుంటే వెంటపడి పాడే హీరోని మనం తెలుగులో ఎన్ని వందల సార్లు చూశామో. ఆ జబ్బు మనకి మాత్రమే ఉందనుకోనక్కర్లేదు, కానీ ఇక్కడ కూడా అది జబ్బే. విందులో మారిస్ పారిస్ రౌడీ వేషంలో పాడే 'పూర్ అపాష్' పాటలో ఆడదాన్ని కొట్టడం మగతనమన్నట్టు మాటలుంటాయి. జిప్సీలు కూడా వయొలిన్లు, గుడారాలు, మంటలు తప్ప మనుషులుగా కనపడరు. పాటను చేరవేసే పనికి వాళ్ళని వాడుకుని వదిలేస్తుంది సినిమా. వీటిని కాలం అలాంటిదని సరిపెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. కూలీల చేతుల్ని అంత శ్రద్ధగా చూసిన దర్శకుడి నుంచి ఇంకొంచెం ఎక్కువ ఆశించవచ్చు.

ముగింపులో మాత్రం ఆ లెక్క కొంత సరిచేస్తాడు. మారిస్ అవమానంతో రైలెక్కి వెళ్ళిపోతాడు. రాకుమారి గుర్రమెక్కి రైలును వెంబడిస్తుంది. చక్రాలు, డెక్కలు, పొగ, జూలు, ఒకదాని మీద ఒకటి వేగంగా కోసి చూపిస్తారు. రైలును దాటి ముందుకెళ్ళి, పట్టాల మధ్య నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడుతుంది. రైలు ఆగుతుంది. రక్షించే వీరుడి కోసం మేడ మీద పాడిన మనిషి చివరికి తానే గుర్రమెక్కి వచ్చింది. మొదటి పాటలో ఆమె కోరుకున్న వీరుడు ఆమే అయింది.

ఇంకో మాట చెప్పాలి. డ్యూకు వేసిన సి. ఆబ్రీ స్మిత్ గురించి తెలిస్తే క్రికెట్ పిచ్చి ఉన్న మనవాళ్ళకి సరదాగా ఉంటుంది. ఆయన 1889లో దక్షిణాఫ్రికాలోని పోర్ట్ ఎలిజబెత్‌లో ఇంగ్లండ్ టెస్టు జట్టుకి కెప్టెన్. ఆడింది ఆ ఒక్క టెస్టే. మొదటి ఇన్నింగ్స్‌లో 19 పరుగులిచ్చి 5 వికెట్లు తీశాడు, ఇంగ్లండ్ గెలిచింది. ఆ తర్వాత నటుడై హాలీవుడ్ చేరి, ఈ సినిమా వచ్చిన 1932లోనే అక్కడ ఒక క్రికెట్ క్లబ్బు పెట్టాడు. ఆ నిటారు మనిషి, ఆ బుర్ర మీసాలు, ఆ గంభీరమైన గొంతు. అలాంటివాడు పొద్దున్నే నిద్రలేచి 'మీమీ' పాడుకుంటుంటే చూడాలి. మారిస్ కోటకొచ్చిన మర్నాటి ఉదయం అది. రాత్రికి రాత్రి అతని పాట ఇంటిల్లిపాదికీ అంటుకుంది. డ్యూకు, మేనత్తలు, కౌంటు, గిల్బర్ట్, ఒక్కొక్కళ్ళూ తమ తమ గదుల్లో అదే పాట పాడుకుంటారు. చప్పుడు లేని ఇంట్లోకి పాట వచ్చేసింది. ఒక మనిషి అడుగుపెడితే ఇల్లు ఎలా మారిందో చెప్పడానికి ఒక్క డైలాగు కూడా ఖర్చు చేయలేదు.

ఆ పాటకి తర్వాత జరిగింది తల్చుకుంటేనే బాధేస్తుంది. 1934 నుంచి హాలీవుడ్‌లో నీతినియమాల కోడ్ గట్టిగా అమలైంది. అంతకు ముందు వచ్చిన సినిమాలు మళ్ళీ విడుదల కావాలంటే ఆ కోడ్‌కి లోబడాలి. 'లవ్ మీ టునైట్' ని మళ్ళీ విడుదల చేసేటప్పుడు అభ్యంతరం అనుకున్న చోటల్లా కోశారు. కోసిన ముక్కల్ని జాగ్రత్త చేయలేదు. అవి ఇప్పటికీ దొరకలేదు. 1990లో అమెరికా ఈ సినిమాని తన జాతీయ సినిమా జాబితాలో చేర్చుకుని భద్రపరిచింది. కానీ భద్రపరిచింది మిగిలిన దాన్నే. ఇప్పుడు మనకి దొరికేది 89 నిమిషాల సినిమా.

మనం వాళ్ళని తప్పుపట్టే స్థితిలో లేం. మన 'భక్త ప్రహ్లాద' లో ముక్కలు పోవడం కాదు, సినిమాయే పోయింది. మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడిగా ఎలా గర్జించాడో, సురభి కమలాబాయి లీలావతిగా ఎలా పాడిందో వినే దారి మనకి లేదు. ఒకే ఏడాది పుట్టిన రెండు పాటల సినిమాల్లో ఒకటి కోతపడి మిగిలింది, ఒకటి మిగల్లేదు. నిన్న మొన్నటి తెలుగు సినిమాల నెగెటివ్‌లు ఎక్కడున్నాయో, ఏ స్థితిలో ఉన్నాయో అడిగే అలవాటు ఇప్పటికైనా మనకి రాకపోతే ఎలా?

వాలెంటైన్ పాత్ర వేసింది మర్నా లాయ్. అప్పటికి ఆమె పెద్ద స్టార్ కాదు. చిన్న పాత్ర, నాలుగు మాటలు, ప్రతి మాటకీ నవ్వు. ఆ ఉదయం పాటలో ఆమె వంతు కూడా ఉండేది. రాత్రి దుస్తుల్లో లేచి తనూ 'మీమీ' అందుకునేది. ఆ దుస్తులు మరీ పల్చగా ఉన్నాయని ఆ భాగం తీసేశారు. ఇప్పటి ప్రింటులో పాట గదిగదికీ వెళ్తుంది, అందరూ పాడతారు. ఆమె గది తలుపు మాత్రం తెరుచుకోదు.